పదహారు పుల్లలు

ఇస్నాపూర్,
ఆదివారం.

బిడ్డా నిషితా,

బాపు దీవెనలు. మీ అమ్మ, నేను క్షేమం అని రాయాలె. కానీ ఆ క్షేమం అన్న మాట మీదనే నాకు అనుమానం. ఎందుకో కిందికి పోతే తెలుస్తది. వరంగల్‌ల నీ నర్సింగు పరీక్షలు దగ్గరికొచ్చినయ్, జెర టైముకు తిను. ఫోన్ చెయ్యక ఉత్తరమెందుకంటవా? క్యాన్సరని చెంప కోసి, దవడ ముక్క తీసి ఐదు నెలలాయె. ఫోన్ల నా మాట నాకే తెలుస్తలేదు. కాగితం మీద మాత్రం ఇంకా గట్టిగనే అరవొచ్చు.

నువ్వడిగినవాటికి జవాబు. మెడ మీద కుట్టు విడిచి, తాగిన నీళ్లు కారిన చోటు మానింది. గదువ ఎదకు ఆనేటట్టు దించి మింగితే పొలమారుతలేదు. జొన్న గటక పలుచగ కాస్తే గిన్నెడు పోతుంది. మెడ కోసినప్పటి సంది కుడి చెయ్యి భుజం దాటి లేస్తలేదు. ఇరవై ఏండ్లు పిడికిలెత్తిన చెయ్యి, ఇప్పుడు వ్యాయామమని గోడ మీద వేళ్లతో పాకుతుంది. దవాఖానకు పోయినప్పుడల్లా "గుట్కా తిన్నవా?" అంటరు. తిన్న, ఒప్పుకుంట. కానీ ఏ కంపెనీల, ఏ రసాయనాల డ్రమ్ముల పక్కన నిలబడి తిన్నవని ఒక్కడంటే ఒక్కడు అడగడు. ఎందుకడగరు? ఆలోచించు.

ఇగ అసలు సంగతి. నోరు బిగుసుకపోకుండ పళ్ల నడుమ ఐస్‌క్రీం పుల్లలు దొంతిగ పెట్టి అరనిమిషం ఆపాలె, ఒక్కొక్కటి పెంచుకుంట పోవాలె అన్నరు గదా. బిగుసుకపోతే మళ్ల ముక్కుల నుంచి తిండి పోసే పైపే. పోయిన ఉత్తరంల పదహారు పట్టినయని రాసిన. నువ్వేమో శభాష్ అనకుండ, "స్కేలు పక్కన పెట్టి ఫోటో పంపు బాపూ" అన్నవు. నా బిడ్డవే. అనుమానపడుడు నా దగ్గర్నే నేర్చుకున్నవు.

పదహారు పట్టే నోట్ల రెండు వేళ్లు పట్టాలె. పెట్టి చూస్తే ఒక్క వేలే పట్టింది. డబ్బా తీసి పుల్లలు ఎండకు పట్టి చూసిన. ఒక్కొక్కటి ఆకు తీరు సన్నగ, నున్నగ ఉన్నది. మీ అమ్మను పిలిచిన.

"అరుణా, వీటినెవరు అరగదీసిండ్రు?"

"నేనే. గడప రాయికి." బియ్యం చెరుగుడు కూడ ఆపలె.

"కంపెనోళ్లు గిట్లనే చేసిండ్రు! వాగు నీళ్ల నమూనా సీసల బోరునీళ్లు కలిపి, వాగు మంచిగున్నదని రాయించుకున్నరు. గేటు ముందల కొట్లాడిందెవరు? నేను! నా ఇంట్లనే దొంగ లెక్కనా?" సగం మాటలు సొంగలనే పోయినయ్.

"వాళ్లు ఊరిని సంపనీకి కలిపిండ్రు. నేను నువ్వు బతుకనీకి గీకిన. లెక్క పెరుగుతలేదని పుల్లలు గోడకేసి కొట్టి, మూడు దినాలు వ్యాయామమే చెయ్యకపోతివి, యాదిలేదా? పెరిగినట్టు కనవడ్డంక దినానికి ఐదుసార్లు చేస్తివి. ఇగ లొల్లి బంద్ జేసి నోరు తెరువు, పో!"

నవ్వొచ్చింది. చెంప గుంజింది.

ఇక్కడిదాంక చదివితే తప్పు మీ అమ్మదే అనిపిస్తది. కాదు బిడ్డా. పుల్లలు సన్నబడ్డయని నాకు ఇరవై దినాల కిందనే తెలుసు. తెలిసే నీకు పదహారు అని రాసిన. పరీక్షలు విడిచిపెట్టి ఉరికొస్తవని భయపడ్డ. అది సగం నిజం. మిగతా సగం, ఆ పదహారు నాకే కావాల్సుండె. నువ్వు స్కేలు అడిగేదాంక మీ అమ్మను ఒక్క మాట అనలే. దొరికిపోతనని తెలిసినంకనే అరిచిన. సీసల నీళ్లు కలిపింది బయటపడ్డనాడు ఆ మేనేజరు కూడ గిట్లనే, తప్పంతా సీస మోసినోని మీదికి నెట్టిండు. ఆయనను ఎంత తిట్టిన్నో నీకు తెలుసు.

ఇయ్యాల పొద్దున మెడికల్ షాపుల కొత్త పుల్లల కట్ట తెచ్చి, ఇద్దరం కూసొని కొలిచినం. పదకొండు. స్కేలు మీద రెండు సెంటీమీటర్లు. ఫోటో నీ ఫోనుకు పంపిన. మంగళవారం డాక్టరుకు కూడ పదకొండే చెప్త. నువ్వు రాకు, పరీక్ష రాయి.

కవరు అతికించే ముందు ఇంకోసారి పెట్టి చూసిన. పన్నెండోది సగం దూరింది. కొత్త పుల్లనే. మీ అమ్మ దాన్ని ముట్టలే, నేను చూస్తనే ఉన్న.

ఇట్లు,
ఇకమీదట నువ్వు స్కేలు పెట్టే నమ్మాల్సిన
నీ బాపు,
అంజయ్య