ఊరుకోని వాసనలు

1978 ఫిబ్రవరి 6, సోమవారం
ఖర్చు రాశాక మిగిలిన చోట రాస్తున్నాను. జ్వరం తగ్గాక మొదటిసారి నూనె మిల్లుకు వెళ్ళాను. వాసన చూసి సరుకు తీసుకోవడం నా పని. ఎండు కొబ్బరి గోతాం విప్పి వాసన చూడబోతే కొబ్బరి ఒక్కటే రాలేదు. గోనె, గ్రీజు, కాలవ బురద, కాటా దగ్గర సత్తిబాబు బీడీ, అన్నీ ఒకేసారి ముక్కులో దూరాయి. విడదీయలేక మంచి సరుకేనన్నాను. సత్తిబాబు ముక్క విరిచి చూసి, ఇది మక్కిందండీ లాజరుగారూ అన్నాడు.

ఫిబ్రవరి 7
సువార్తమ్మ నాకిష్టమని చేపల పులుసు పెట్టింది. చేప, వెల్లుల్లి, కిరసనాయిలు పొయ్యి, ఆమె తలనూనె కలిసి కాలిన రబ్బరులా కొట్టాయి. కంచం ముందు నుంచి లేచిపోయాను. ఏమైందండీ అంది. ఏం లేదన్నాను.

ఫిబ్రవరి 8
లెంట్ మొదలు, ఈస్టర్ దాకా నలభై రోజుల ఉపవాసాలు. పగలు ఉపవాసం, రాత్రికి చల్లన్నం చాలని ఇంట్లో చెప్పాను. చల్లారిన తిండి అంతగా వాసన కొట్టదు.

ఫిబ్రవరి 19, ఆదివారం
పాస్టరుగారు ప్రసంగం మధ్యలో, ఉపవాసమంటే ఏంటో లాజరుగారిని చూసి నేర్చుకోండి అన్నారు. అందరూ తిరిగి చూశారు. సువార్తమ్మ ముసుగు సర్దుకుని తల కొంచెం ఎత్తింది. నాకు సెంట్లు, చెమట, కొత్త సున్నం తప్ప ఏమీ తెలియడం లేదు. బయటికి పరుగెత్తి గోడ పక్కన కక్కాను. భక్తి ఎక్కువై నీరసించేరు పాపం అన్నారు సంఘపెద్ద పేతురుగారు.

మార్చి 2
ఇంటికి నూనె డబ్బా తెచ్చిన సత్తిబాబు, మధ్యాహ్నం మీవారు మిల్లులో అటుకులు తింటున్నారండి, ఇంట్లో వండడం లేదాండీ అని అడిగాడట. నేను వెళ్ళేసరికి ఆమె గుమ్మంలో కూర్చుని ఉంది. దేవుడి కోసమనుకున్నానండి, నా చేతి కూడు రుచించకనా అంది. చెప్పులు విడిచి నూనె డబ్బా లోపల పెట్టాను.

మార్చి 3
ఆమె తలకు నూనె రాసుకోలేదు.

మార్చి 11
చేపల సత్తెమ్మ కేకేస్తే వద్దని పంపేసింది. రెండుపూటలా ఒళ్ళు తోముకుంటోంది. మంచం వసారాలోకి మార్చుకుంది. పొద్దున్న అడిగింది: నా ఒంటి వాసనేనాండీ? కాదన్నాను. మరేంటండీ? ఏం లేదన్నాను. ఈస్టర్ కాగానే రాజోలులో అన్నయ్య దగ్గరికి పోతానంది. ఎప్పుడొస్తావని నేను అడగలేదు.

మార్చి 24, గుడ్ ఫ్రైడే
పుష్పలత వచ్చింది. అక్క కూతురు. కాకినాడలో మెడిసిన్ చదువుతోంది. ఎందుకో ఆ పిల్లకు చెప్పగలిగాను.

వాసనలన్నీ ముందు బుర్రలో ఒక చిన్న ఉబ్బు దగ్గరికి చేరతాయట. అక్కడ గ్రాన్యూల్ సెల్స్ అనే కణాలు ఉంటాయట. వాటి పని కబురు మోయడం కాదు, పక్కవాటిని ఆపడం. చేలోకి నీళ్ళు పెట్టేటప్పుడు పక్క బోదెలకు మట్టి అడ్డం వేయమూ మావయ్యా, వేయకపోతే నీరు అంతటా పారి ఏ చేనూ సరిగా తడవదు, అలాగంది. రోజూ ఉండే ఇంటి వాసన మనకు తెలియకపోవడంలో కూడా ఆ అడ్డాల పని కొంత ఉండవచ్చట. జ్వరానికి మీ అడ్డాలు కొట్టుకుపోయాయేమో అంది. ఖాయమా అన్నాను. అడ్డాల సంగతి కుందేళ్ళలో చూసేరు, మీ ముక్కు సంగతి ఎవరూ చూడలేదంది. తగ్గుతుందా అంటే, తగ్గొచ్చు, తగ్గకపోనూవచ్చు.

అత్తయ్యకి చెప్పేరా అంది. లేదన్నాను. లోపల పెట్టె సర్దుతోంది చూసేరా, కుందేళ్ళ సంగతి తరవాత, ముందెళ్ళి చెప్పండి అని నా చేతిలో కాఫీ గ్లాసు లాక్కుంది.

మార్చి 25
చెప్పాను. ముప్పావు వంతు తప్పుగా చెప్పి ఉంటాను. బోదెల దగ్గర తడబడ్డాను. ఆమె మడతపెడుతున్న చీర ఒళ్ళో పెట్టుకుని విన్నది. జొరమొచ్చి మీ ముక్కు చెడితే ఇన్నాళ్ళూ నా ఒళ్ళు తోముకున్నానాండీ అంది. ఏడ్చింది. తరువాత, పాస్టరుగారికి మీరే చెప్పుకోండి, నాకు సిగ్గు అంది.

చాలా అలసటగా ఉంది. నాలుగు మాటలకు ఇంత అలసట ఏమిటో.

మార్చి 27
రాజోలు వెళ్ళలేదు. పెట్టె విప్పలేదు కూడా.

ఏప్రిల్ 9
ఇవాళ తలకు నూనె రాసుకుంది. వచ్చి దగ్గరగా నిలబడింది. కాసేపు ఆ నూనె వాసనొక్కటే వచ్చింది. మిగతావన్నీ ఊరుకున్నాయి.