అలవాటైన చెయ్యి

ప్రియమైన సిస్టరమ్మకి,

ఫోన్లో నాకు సరిగ్గా వినపడదని తెలుసుగా, అందుకే ఉత్తరం. నువ్వు బదిలీ అయ్యాక డయాలసిస్ వార్డు వార్డులా లేదు. ఇన్నేళ్లూ నువ్వు ఒకే చోట, ఒకే వాలులో గుచ్చిన ఆ రెండు రంధ్రాలూ నా ఎడమ చేతికి చొక్కా కాజాల్లా కుదిరాయి. నీ బదులు వచ్చిన పిల్లకి ఆ దారి దొరకదు, వేరే చోట గుచ్చుతానంటుంది. ఆ నొప్పి నా వల్ల కాదు. నిన్న వెళ్లలేదు. ఇంట్లో కుట్టు మిషను ముందు ఊరికే కూర్చున్నాను. ఒక్కసారి వచ్చి వెళ్లరాదూ?

నీ రాక కోసం,
టైలర్ బాబాయి

*

ప్రియమైన బాబాయిగారికి,

"నిన్న వెళ్లలేదు" అని ఎంత తాపీగా రాశారండీ! కిడ్నీలు చెయ్యని పని మిషన్ చెయ్యకపోతే నీరంతా ఊపిరితిత్తుల్లోకి చేరుతుందని వందసార్లు చెప్పాను. మీకు వారానికి మూడుసార్లు కావాలి, నేనెక్కడినుంచి రాను? ఆ పిల్లని కొత్త చోట గుచ్చనివ్వండి. నీళ్లు కూడా తగ్గించండి. మీ చిన్న గ్లాసు చెంబంత ఉంటుందని నాకు తెలుసు.

కోపంగా,
మీ సిస్టరమ్మ

*

ప్రియమైన బాబాయిగారికి,

జవాబు రాకపోతే వార్డుకి ఫోన్ చేశాను. మళ్లీ మానేశారట. ఆయాసంతో మోసుకొచ్చారట, మెడలో గొట్టం వేసి, దాంతో డయాలసిస్ చేసి గట్టెక్కించారట. ఏడుపొచ్చింది. ఆ గొట్టం ఎన్నాళ్లో ఉంచరు. తర్వాత ఆ చెయ్యే దిక్కు.

ఇక్కడ నా బతుకు కూడా వినండి. ఒక మామ్మగారు నన్ను చెయ్యి ముట్టుకోనివ్వరు. "పాత అమ్మాయిని పిలవండి" అంటారు. సూది పట్టుకుని దొంగలా నిలబడతాను. గదికొస్తే పలకరించే దిక్కులేదు. మీరు కూడా లేకపోతే నేనెవరికి రాసుకోను?

దిగులుతో,
మీ సిస్టరమ్మ

*

ప్రియమైన సిస్టరమ్మకి,

నీ ఉత్తరం చదివాకే ఆ పిల్ల ముఖం సరిగ్గా చూశాను. వార్డు మూల ఒక్కతే నిలబడి అన్నం తింటోంది. నువ్వే నిలబడ్డట్టు అనిపించింది. పిలిచి చెయ్యి చాపాను.

"నిజంగానా తాతా?" అంది.

"భయపడకమ్మా, గుడ్డ అనుకుని గుచ్చెయ్" అన్నాను.

మూడోసారికి కుదిరింది. మెడలో గొట్టం తీసేశారు.

నొప్పి అన్నది వట్టి సాకమ్మా. జీవితమంతా సూదులతో బతికినవాణ్ణి, సూదికి భయపడతానా? మీ పిన్ని పోయాక నా చెయ్యి పట్టుకున్నది నువ్వొక్కదానివే. వేరే చోట గుచ్చితే ఆ రెండు రంధ్రాలూ మూసుకుపోతాయని నువ్వే చెప్పావు. అవి కూడా పోతే నాకంటూ ఏం మిగులుతుందనిపించింది.

పొద్దున చూసుకున్నాను, పూడిపోయాయి. కాసేపు బెంగపడి, వేళకే వార్డుకి వెళ్లాను.

ఆ మామ్మగారి మీద కోపం పెట్టుకోకు. రేపు సూది పక్కన పెట్టి, ముందు కాసేపు ఆవిడ చెయ్యి పట్టుకో.

ప్రేమతో,
బాబాయి