సూడు కాదు, చూడు

సుజాతా,

నువ్వు పోయి ఈ పొద్దుకి ఏడాది. ఇంట్లో చెప్పుకునేదానికి ఎవురూ లేరు, అందుకే రాస్తా ఉండాను.

పొద్దున ఎప్పట్లాగే చంద్రగిరి నుంచి శ్రీ సిటీకి కంపెనీ బస్సు తీసినాను. ఏర్పేడులో కొత్తగా పనికి చేరిన పిల్ల ఎక్కి, "అన్నా, యాడన్నా సీటుందేమో సూడు" అనింది.

"సూడు కాదమ్మా, చూడు" అన్నాను.

బస్సంతా నవ్వింది. అది నీ మాట గదా. ఒంగోలు నుంచి వచ్చిన టీచరమ్మవి, ముప్పై ఏండ్లు నన్ను దిద్దినావు. "మూడో తరగతి పిల్లలకి వచ్చింది, మీకు రాదేంటండీ" అని తల కొట్టుకునేదానివి.

ఇప్పుడు చెప్తాను, కోప్పడొద్దు. పెండ్లయిన రెండో నెలకే నాకు వచ్చేసింది. బస్సులో బాగానే పలికేవాణ్ణి. ఇంటికొచ్చి నీ ముందర మాత్రం తప్పు పలికేవాణ్ణి. అప్పుడు నువ్వు చేసే పని ఆపి నా పక్క తిరిగేదానివి, దానికోసరం.

ఆ పిల్ల దిగేటప్పుడు, "పోయొస్తానన్నా, బస్సు చూసి తోలు" అని నవ్వుతా పోయింది. నీ మాట ఒకరి కాడ మిగిలింది.

ఈ ఉత్తరం రెండుసార్లు దిద్దినాను. ఒక తప్పు నీకని వదిలిపెట్టినాను.

సూడు.