గాలి లేని రోజున అండర్‌స్పిన్

హాలో క్రీక్, అలబామా
అక్టోబరు చివరి మంగళవారం

సౌభాగ్యవతి మర్లీన్‌కు,

భర్త థర్మన్ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను, కుక్క. మీ అక్క తుంటి ఎముక అతుక్కుంటున్నదనీ, నోటికి మాత్రం ఏ దెబ్బా తగల్లేదనీ నీ ఉత్తరం వల్ల తెలిసి సంతోషించాను. ఇదంతా ఫోనులో చెప్పవచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు మధ్యలో అడ్డు తగులుతావు. ఈసారి నన్ను చివరిదాకా చెప్పనివ్వవలసిన విషయం ఒకటి ఉంది.

వేళకు తింటున్నానా అని అడిగావు. నువ్వు ఫ్రీజర్‌లో పెట్టి వెళ్ళిన చికెన్ డంప్లింగుల పదవీకాలం గౌరవప్రదంగా ముగిసింది. ప్రస్తుతం వంటింటి పరిపాలన బొలోనా శాండ్‌విచ్‌ల చేతిలో ఉంది. ప్రజలు, అనగా నేను, కుక్క, ఓర్చుకుంటున్నాం.

మీ అక్క ఇంటి వెనక చెరువులో బాస్ చేపల కోసం ఎరగా వేసే రబ్బరు చేపకు ఏ తల కట్టాలని అడిగావు. బాస్ సంఘ కార్యదర్శి హోదాలో నా అభిప్రాయం తెలియజేస్తున్నాను. కొక్కెం మెడకు పోసిన ఆ సీసపు తల బరువును మన సరదాను బట్టి కాక, లోతును బట్టి, గాలిని బట్టి ఎంచాలి. ఆరేడు అడుగుల నీటికి పావు ఔన్సు చాలు. ఇరవై అడుగులు దాటినా, గాలి దారాన్ని విల్లులా వంచుతున్నా అర ఔన్సు కావాలి. తల మరీ బరువైతే రబ్బరు చేప రాయిలా దిగిపోతుంది. మరీ తేలికైతే చేపల నెత్తి మీదుగా, వాటికి తెలియకుండానే వెళ్ళిపోతుంది. కొక్కెం మొన వీపు మధ్యలో బయటికి రావాలి. ఒళ్ళు వంకరగా ఎక్కిందా, అది ఈదదు, గిరగిరా తిరుగుతుంది.

ఇక అండర్‌స్పిన్. ఆ తలకే గడ్డం కింద చిన్న తళుకు రేకు వేలాడుతూ తిరుగుతుంది. గాలికి నీటి మీద అలలు రేగినప్పుడు, నీళ్ళు కాస్త మసకబారినప్పుడు, ఆ తళుకు చేపను దూరం నుంచి పిలుస్తుంది. నీళ్ళు అద్దంలా నిలిచి, పడవల రద్దీకి చేపలు బెదిరి ఉన్న రోజున మాత్రం అది చావింట్లో పెళ్ళిబాజా. అప్పుడు రేకు లేని ఉత్త తల కట్టి, మెల్లగా లాగాలి.

ఈ నియమాన్ని ఇంత స్పష్టంగా రాయగలగడానికి కారణం, మొన్న శనివారం దాన్ని నేనే ఉల్లంఘించడం.

గార్లండ్ భుజం ఎలా ఉంది, మీ జంట రాష్ట్ర పోటీకి వెళుతోందా అని అడిగావు. నీ తమ్ముడికి డిసెంబరులో ఆపరేషన్ ఖాయమైంది. ఆ తరవాత గేలం విసరడం కుదరదని డాక్టరు చెప్పేశాడు. ఇన్నేళ్ళుగా నా పడవ వెనక సీట్లో కూర్చుని, రాష్ట్ర పోటీ మొహం చూడని మనిషికి ఇదే ఆఖరి అవకాశమని సంఘంలో ప్రతివాడికీ తెలుసు. శనివారం జరిగిన సంఘం పోటీలో మొదటి మూడు జంటలే పైకి వెళతాయి. జంటకు అయిదు చేపలు. ఎవరు పట్టినా ఒకే తొట్టి, ఒకే తూకం. ఈ సంగతి గుర్తు పెట్టుకో. నేను మరచిపోయాను.

ఆ ఉదయం నీటి మీద ఊపిరి కూడా ఆడడం లేదు. నేను కొత్తగా తెప్పించిన అర ఔన్సు అండర్‌స్పిన్ కట్టాను.

"బావా, గాలి లేదు. ఆ మెరుపులు విప్పెయ్. పావు ఔన్సు ఉత్త తల కట్టు," అన్నాడు గార్లండ్.

"ఈ పడవలో తల ఎంచేది ఎవర్రా?"

"చేపలు."

భోజనం వేళకు అతను మూడు పట్టాడు, నేను ఒకటి. అతను నవ్వలేదు. నవ్వి ఉంటే క్షమించేవాణ్ణి. తన డబ్బాలోంచి ఒక ఉత్త తల తీసి నా వైపు చాచాడు. "తీసుకో బావా, ఎవరూ చూడ్డం లేదులే."

ఆ దయ నాకు గిట్టలేదు. అక్కర్లేదన్నాను.

మర్లీన్, అసలు సంగతి ఇప్పుడు. పడవ ముక్కు దగ్గర ఉండే చిన్న మోటారు పెడల్ నా పాదం కింద ఉంటుంది. పడవను నేను ఎటు తిప్పితే వెనకవాడికి ఆ నీళ్ళే దక్కుతాయి. చేపలన్నీ నీటి అడుగున ఒక రాతి దిబ్బ మీద ఉన్నాయి. ఆ దిబ్బ నీ తమ్ముడికి అందకుండా పడవను తిప్పాను. నేను విసిరి విసిరి కలచివేసిన నీళ్ళే అతనికి మిగిలేలా, పొద్దు వాలేదాకా తిప్పుతూనే ఉన్నాను. గాలి లేస్తుందనీ, నా రేకు గెలుస్తుందనీ కాచుకున్నాను. పరాయివాడి మీద కూడా ఈ పని చెయ్యరాదని సంఘం నియమావళిలో చేర్పించింది నేనే. ఒకే తొట్టికి చేపలు పట్టే భాగస్వామి మీద చేస్తే ఏమి శిక్షో అందులో లేదు. అంతటి మూర్ఖుడు ఉంటాడని సంఘం ఊహించలేదు.

"బావా, కాస్త దిబ్బ నా వైపు రానివ్వు," అన్నాడు ఒకసారి.

"ప్రవాహం లాగేస్తోందిరా."

"ఇవాళ డ్యామ్ గేట్లు మూసే ఉన్నాయి గదా."

ఆ తరవాత కూడా అతను విసరడం మానలేదు. విసిరిన ప్రతిసారీ ఎడమ చేత్తో భుజం పట్టుకునేవాడు.

తూకం దగ్గర కాటా చూసే హోయ్ట్ ప్రిచెట్ మా చేపల సంచీలోకి తొంగిచూశాడు. "నాలుగేనా, కార్యదర్శి గారూ? అయిదోది సెలవు పెట్టిందా?"

అందరూ నవ్వారు. ఎంత చిన్నదైనా ఇంకొక్క చేప ఉన్నా మూడో స్థానం మాదే. నేను నోరు తెరిచేలోగా గార్లండ్ అన్నాడు: "తప్పు నాదే, హోయ్ట్. భుజం సహకరించలేదు. బావ పాపం మంచి చోటికే తీసుకెళ్ళాడు."

నేను కాదనలేదు. కార్యదర్శి హోదాలో ఫలితాలు మైకులో చదివి, ఓడినవారి క్రీడాస్ఫూర్తిని సంఘం తరఫున అభినందించాను.

నిన్న మధ్యాహ్నం అతను రెంచి పట్టుకుని వచ్చి, పడవ వెనక సీటు విప్పడం మొదలుపెట్టాడు. ఆ సీటు అతను కొనుక్కున్నదే.

"భుజం నొప్పి కదరా, ఇటివ్వు, నేను విప్పుతాను."

"వద్దులే బావా. ఇవాళ్టికి నా పని నన్ను చేసుకోనీ."

"ఆ బోల్టుల చిల్లుల్లోంచి వాన లోపలికి దిగుతుంది."

"దిగనీ. ముందు సీటు తడవదులే."

కాఫీ తాగి వెళ్ళమన్నాను. కుక్కను నిమిరి వెళ్ళిపోయాడు.

ఈ ఉత్తరం అందగానే నువ్వు అతనికి ఫోను చేస్తావు. చెయ్యి. ఓటమికి భుజమే కారణమని, బావ తప్పేమీ లేదని నీతోనూ అంటాడు. నీ తమ్ముడు జన్మలో నీతో అబద్ధమాడలేదు గనుక నమ్మేస్తావు. నమ్మకు.

ఇట్లు,
నీ భర్తయు, శనివారం దాకా గార్లండ్‌కు బావయు అయిన
థర్మన్ కగల్