సీటు కొలిచే కర్ర

పిట్టలవానిపాలెం,
మంగళవారం.

రవిశంకర్ బాబాయికి,

నా మోకాళ్ల నొప్పి సంగతి విని, "ఆడపిల్లకి సైకిలు పడదన్నయ్యా, ఆ బాపట్ల ల్యాబ్ ఉద్యోగం మాన్పించెయ్" అని నిన్న నాన్నకి ఫోన్ చేశారట. తెనాలి నుంచే నా మోకాళ్లు చూసేసిన మీ వైద్యానికి దండం. ఆదివారం మీరొచ్చాక తేలుస్తానన్నారు నాన్న. అందుకే ఈ ఉత్తరం.

సీటు కిందికుంటే తొక్కేటప్పుడు మోకాళ్లు నొప్పెడతాయని తెలిసి, పోయినవారం నేనొక కొలత కర్ర చేశాను. పాత బూజుకర్ర ముక్కకి దర్జీ టేపు అంటించి, చివర మేకు కొట్టాను. మేకుని పెడల్ మీద ఆనిస్తే సీటు ఎత్తు తెలుస్తుంది. నా కాలి పొడవు కొలవడానికి, మీరు బహూకరించిన వ్యక్తిత్వ వికాసం పుస్తకాన్ని కాళ్ల మధ్య ఇరికించుకుని గోడకి నిలబడ్డాను. "సరస్వతే, కళ్లు పోతాయ్!" అని నాయనమ్మ చెంపలు వేసుకుంది. ఆ పుస్తకం ఎవరికైనా పనికొచ్చింది అప్పుడే.

మొన్న శనివారం సీటు సరిగ్గా పెట్టుకున్నాను. మర్నాడు ఆదివారం మీరొచ్చి, చైనుకి నూనె వేస్తానని సైకిలు పెరట్లోకి తీసుకెళ్లారు. సోమవారం మళ్లీ నొప్పి. కొలిస్తే సీటు మూడంగుళాలు దిగి ఉంది.

నాయనమ్మని అడిగాను. "వచ్చినప్పుడల్లా దించుతాడే. రెండు కాళ్లూ నేలకి ఆనకపోతే ఆడపిల్లకి బాగోదంట" అంది.

నొప్పి పుట్టించిందీ మీరే, ఉద్యోగం మాన్పించమని మందు రాసిందీ మీరే.

వచ్చే ఆదివారం తప్పకుండా రండి. చైనుకి నూనె కూడా వేద్దురుగాని. ముందొకసారి, తర్వాతొకసారి నాన్న చేతే కొలిపిస్తాను. మధ్యలో ఆ కర్ర పట్టుకుని నాయనమ్మ మీ పక్కనే కూర్చుంటానంది.

మీ అన్న కూతురు