వాల్యూమ్ నాబ్‌లో గరగర

జులై 9, మంగళవారం

చిరంజీవి మరిదికి,

మీ వదిన దీవించి రాయునది. దేవుడి దయవల్ల ఇక్కడ వేళకు లేస్తున్నాం, తింటున్నాం. అంతకు మించి క్షేమం రాయడం చేతకావడం లేదు. నువ్వూ, నీ రిపేరు కొట్టూ చల్లగా ఉండాలని ప్రార్థిస్తున్నాను.

నువ్వు పంపిన స్ప్రే డబ్బా అందింది. మొన్న మీ అన్నయ్య గిటారు యాంప్ పెట్టెను భోజనాల బల్ల మీదికెక్కించాం. ఆయన కుట్టుమిషన్ నూనె పోద్దామన్నారు. మీ తమ్ముడు వింటే మన గడప తొక్కడండీ అంటే నవ్వారు. ఈమధ్య నవ్వింది అదొక్కసారే.

నువ్వు ఫోనులో చెప్పినట్టే ప్లగ్గు పీకి, వెనక చెక్క విప్పాను. నాబ్ పైన కాకుండా, లోపల దాని వెనకున్న సందులోకి సన్న గొట్టం పెట్టి మందు కొట్టాను. వాల్యూమ్, బాస్, ట్రెబుల్ ఒక్కోదాన్నీ ఈ చివర నుంచి ఆ చివరకు మణికట్టు నొప్పి పుట్టేదాకా తిప్పాను. తిప్పినంతసేపూ దేవుణ్ణి తలుచుకుంటూనే ఉన్నాను.

మందు ఆరాక ఆయన స్పీకరుకు చెవి ఆనించి వాల్యూమ్ తిప్పారు. "ఏం కొట్టావే? గరగర అలాగే ఉంది" అన్నారు.

ప్రార్థన మందిరంలో సంగతి నీకు చెప్పలేదు. పాట మధ్యలో వాయించడం ఆపి నాబులతో కుస్తీ పడుతుంటే పిల్లలు ఆయనకు 'రేడియో తాత' అని పేరు పెట్టారు. పాటలు పాడించే ఆయన, "ముందు ఆ పెట్టె బాగుచేయించుకోండి మాస్టారూ, తర్వాత వాయిద్దురుగాని" అని పంపేశాడు. అప్పట్నుంచి వెనక బెంచీలో, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చుంటున్నారు. నాబ్ బాగైతే మళ్లీ ముందుకెళ్లి వాయించొచ్చని ఆయన ఆశ. ఆ ఆశ మీదే అన్నం తింటున్నారు.

ఇంకో డబ్బా పంపు నాయనా. వీలైతే నువ్వే ఒకసారి వచ్చి చూడు.

నీ మేలు కోరే
వదిన

తా.క.: ఆయన చెవి ఆనించి గరగర విన్నప్పుడు ప్లగ్గు ఇంకా నా ఒళ్లోనే ఉంది. నిన్న ఆయన బయటికెళ్లాక గోడకు పెట్టి, తీగలు మీటి, నాబులన్నీ తిప్పి చూశాను. గంట మోగినట్టుంది, ఎక్కడా చిన్న గరగర కూడా లేదు. ఆయన చెవుల్లో మోతకు మందు లేదని డాక్టరు నాతో విడిగా అన్నాడు. నువ్వొచ్చినప్పుడు పెట్టె బాగుందని మాత్రం అనకు. పార్టు దొరకడం లేదను.