నాచారం బడిలో నీ మాట

బాపూ,

దేవుని దయతో అందరం బాగున్నాం; ఫోన్లో నీకు సరిగ్గా వినపడదని కార్డు రాస్తున్నా.

నీ మనవరాలు కెజియాను ఇక్కడి సర్కారు బడిలో వేస్తే, "మనోళ్లు లేని బడిల పిల్ల ఏమైతదో" అని ఫికర్ పడ్డావు కదా. నిజమే, దాని తరగతిలో సగానికి పైగా ఫ్యాక్టరీ పనులకు వచ్చిన బీహార్, ఒడిశా వాళ్ల పిల్లలే. వాళ్లకు తెలుగు నేర్పేది మాత్రం మన కెజియానే. నీ దగ్గర పెరిగిన పిల్లాయె, అన్నీ నీ మాటలే నేర్పుతోంది!

మొన్న తనిఖీకి వచ్చిన సారు ఒడిశా పిల్ల మమితను పాఠం చదవమన్నాడట. అది ఒకచోట ఆగిపోయి, "నీ ఇల్లు సల్లగుండ, జర ఆగు సారూ, సదువుత" అన్నదట. టీచరమ్మ హడలిపోయిందట. సారు మాత్రం పడీపడీ నవ్వి, "ఈ మాట ఏడ నేర్సుకున్నవ్ బిడ్డా?" అని అడిగాడట.

"మా తాతది సారూ, జనగామల ఉంటడు" అన్నదట మమిత.

ఆ తాతవు నువ్వే, బాపూ!

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? పాస్టరు గారికి మా వందనాలు చెప్పు. నువ్వు మా దగ్గరికి వచ్చేటప్పుడు ఉప్పల్‌లో బస్సు దిగితే ఈయన వచ్చి తీసుకొస్తాడు. సీతాఫలాలు గంపెడు తే. సంచెడు తెస్తే నీ మనవళ్లకు, మనవరాళ్లకు చాలవు.

నీ బిడ్డ,
సువార్త